కోడి పొట్టలో పులుపు ఎంత దూరం వెళ్తుంది?

కోళ్ల దాణాలోనూ నీళ్లలోనూ కలిపే ఆమ్లాల గురించి చెప్పాలంటే ముందు యాంటీబయాటిక్‌ల కథ చెప్పాలి. భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు పేరు మనవాళ్లకు తెలుసు. ఆయనకూ కోళ్ల దాణాకూ ఏం సంబంధం అని అడిగితే మాత్రం చాలామంది తల గోక్కుంటారు. అమెరికాలో లెడర్లె ల్యాబొరేటరీస్ పరిశోధనలకు ఆయన అధిపతిగా ఉన్న రోజుల్లోనే, అక్కడి బెంజమిన్ డగ్గర్ మట్టిలో ఉండే ఒక సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను రాబట్టారు. 1948లో దాన్ని ప్రకటించారు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. ఆ సంవత్సరం చివర్లో అదే సంస్థలో థామస్ జూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్ కోడిపిల్లలకు బీ12 విటమిన్ చౌకగా అందే దారి వెతుకుతున్నారు. ఆరియోమైసిన్ తీసేశాక మిగిలిన పిప్పిలో బీ12 ఉంటుంది కదా అని దాన్ని దాణాలో కలిపి చూశారు. బీ12 వల్ల రావాల్సిన ఎదుగుదల కంటే పిల్లలు ఇంకా ఎక్కువ పెరిగాయి. పిప్పిలో మిగిలిపోయిన కాస్త యాంటీబయాటిక్కే దానికి కారణమని తర్వాత తేలింది.

రోగం లేకపోయినా దాణాలో చిటికెడు యాంటీబయాటిక్ కలపడం అక్కడి నుంచి ప్రపంచమంతా పాకింది. దాని బిల్లు వచ్చేసరికి దశాబ్దాలు పట్టింది. మందులకు లొంగని బ్యాక్టీరియా పెరుగుతోందని 1986లో స్వీడన్ ఈ అలవాటును ఆపేసింది. 2006 జనవరి 1 నుంచి యూరోపియన్ యూనియన్ మొత్తం ఆపింది. మనుషుల వైద్యంలో ముఖ్యమైన యాంటీబయాటిక్‌లను ఎదుగుదల కోసం వాడటాన్ని అమెరికా 2017లో మాన్పించింది. మన దగ్గర 2014లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 70 చికెన్ నమూనాలు పరీక్షిస్తే 40 శాతంలో యాంటీబయాటిక్ అవశేషాలు కనిపించాయి. మనుషులకు చివరి అస్త్రంగా దాచుకునే కొలిస్టిన్‌ను పశువులకు, కోళ్లకు, చేపల చెరువులకు వాడకూడదని 2019 జూలైలో కేంద్రం నిషేధం పెట్టింది.

అలా ఖాళీ అయిన చోటులోకి చాలా సరుకులు వచ్చి చేరాయి. ప్రోబయోటిక్స్ అనే మేలు చేసే బ్యాక్టీరియా, ఎంజైములు, వాము నూనె లాంటి మొక్కల సారాలు, వాటితోపాటు సేంద్రియ ఆమ్లాలు. ఫీడ్ దుకాణంలో ఈ ఆమ్లాలను ‘అసిడిఫయర్’ అంటారు. డబ్బా మీద ‘గట్ హెల్త్’ అనో, ‘యాంటీబయాటిక్‌కు ప్రత్యామ్నాయం’ అనో రాసి ఉంటుంది. రెండో మాట నాకు నచ్చదు. యాంటీబయాటిక్ చేసే పని ఒకటి, ఆమ్లం చేసే పని ఇంకొకటి. ఆమ్లం ఏ చోట ఏ రూపంలో ఉందన్నదాన్ని బట్టే దాని ఫలితం మారిపోతుంది. ఈ ఒక్క సంగతి పట్టుబడితే డబ్బా మీది మాటల్లో ఏది నిలుస్తుందో, ఏది నిలవదో రైతే తేల్చుకోగలడు.

తరవాణి కుండలో జరిగేదే

గోదావరి జిల్లాల్లో పెద్దవాళ్లకు తరవాణి కుండ గుర్తుండే ఉంటుంది. గంజి, అన్నం నీళ్లలో పులిసి, రోజుల తరబడి చెడకుండా ఉండేది. ఎండాకాలంలో కూడా అది కుళ్లకపోవడానికి కారణం లాక్టిక్ ఆమ్లం. మజ్జిగలో ఉండేదీ అదే. వెనిగర్‌లో ఎసిటిక్, నిమ్మఉప్పులో సిట్రిక్, చీమ కుట్టినప్పుడు మంట పెట్టేదాంట్లో ఫార్మిక్, ముక్కిపోయిన వెన్న కంపులో బ్యుటిరిక్. కోళ్ల దాణాలోకి వెళ్లేవి చాలావరకు ఈ కుటుంబానివే. వీటికి తోడు ప్రొపియోనిక్ ఒకటి. బ్రెడ్డు బూజు పట్టకుండా బేకరీల్లో వాడే కాల్షియం ప్రొపియోనేట్ దాని ఉప్పే.

పులుపు సూక్ష్మజీవిని ఎలా దెబ్బతీస్తుంది? అది పుల్లగా ఉంటుంది కాబట్టి అని సరిపెట్టుకుంటే అసలు కిటుకు జారిపోతుంది. సేంద్రియ ఆమ్లం నీళ్లలో రెండు రూపాల్లో ఉంటుంది. కొన్ని అణువులు తమ హైడ్రోజన్‌ను పట్టుకునే ఉంటాయి, కొన్ని వదిలేసి విద్యుదావేశంతో తిరుగుతుంటాయి. బ్యాక్టీరియా చుట్టూ ఉండే పొర కొవ్వుతో చేసినది. ఆవేశం ఉన్న అణువును అది రానివ్వదు. హైడ్రోజన్‌ను పట్టుకుని ఉన్న అణువు మాత్రం ఆ పొరలోంచి లోపలికి జారిపోతుంది. బ్యాక్టీరియా లోపల పీహెచ్ (పులుపును కొలిచే అంకె, ఎంత తగ్గితే అంత పులుపు) 7 దగ్గర్లో ఉంటుంది కాబట్టి అక్కడికి చేరగానే అది హైడ్రోజన్‌ను వదిలేస్తుంది. లోపల పులుపు పెరుగుతుంది. ఆ హైడ్రోజన్‌ను బయటికి తోడిపోయడానికి బ్యాక్టీరియా తన శక్తినంతా ఖర్చు పెట్టాలి. చిల్లు పడ్డ పడవలో నీళ్లు తోడుతూ కూర్చున్నవాడికి వల వేసే తీరిక ఎక్కడుంటుంది? పెరగడానికీ, రెండుగా చీలడానికీ దానికి శక్తి మిగలదు. హైడ్రోజన్‌ను వదిలేసిన రెండో ముక్క బయటికి పోలేక లోపలే పేరుకుని ఇంకో ఇబ్బంది తెచ్చిపెడుతుంది.

హైడ్రోక్లోరిక్ ఆమ్లానికి ఈ విద్య రాదు. అది ఎంతో ఘాటైనదే, కానీ నీళ్లలో పడగానే పూర్తిగా విడిపోతుంది. బ్యాక్టీరియాలోకి దూరడానికి విడిపోని అణువులే మిగలవు. బయట పీహెచ్ దించడం వరకే దాని పని. కొన్ని అసిడిఫయర్లలో చౌకగా దొరికే ఫాస్ఫారిక్ ఆమ్లం పాళ్లు ఎక్కువగా ఉంటాయి. నీటి పీహెచ్ మీటరు మీద బాగా దిగి కనిపిస్తుంది, రైతు సంతోషిస్తాడు. పీహెచ్ దిగడం ఒక లాభం. బ్యాక్టీరియాలోకి దూరడం ఇంకో లాభం. ఒకటి కనిపించిందని రెండోదీ దక్కిందనుకోకూడదు.

ఇందులో ఒక మెలిక ఉంది. అణువుల్లో సగం విడిపోయి, సగం విడిపోకుండా ఉండే పీహెచ్ ఒక్కో ఆమ్లానికి ఒక్కో చోట ఉంటుంది. దాన్ని పీకేఏ అంటారు. ఫార్మిక్‌కు అది 3.75, లాక్టిక్‌కు 3.86, ఎసిటిక్‌కు 4.76, బ్యుటిరిక్‌కు 4.82, ప్రొపియోనిక్‌కు 4.87. పీహెచ్ దీనికంటే ఒక మెట్టు పైకి వెళ్తే దూరగలిగే అణువులు నూటికి తొమ్మిదే మిగులుతాయి. రెండు మెట్లు పైకి వెళ్తే ఒక్కటి. పీహెచ్ 5 ఉన్న చోట ప్రొపియోనిక్‌లో నూటికి 43 అణువులు పనికొస్తే, ఫార్మిక్‌లో అయిదే పనికొస్తాయి. పీహెచ్ 7 ఉన్న చోటికి వెళ్తే ప్రొపియోనిక్‌లో నూటికి ఒకటి కూడా ఉండదు. ఫార్మిక్‌లో రెండు వేలకు ఒకటి.

అలాగైతే ఫార్మిక్ ఎందుకు వాడతారు అని అడగొచ్చు. దాని అణువు చిన్నది, కాబట్టి కిలోకు ఎక్కువ అణువులు దొరుకుతాయి. పైగా తను ఉన్న చోట పీహెచ్‌ను బాగా దించుతుంది. ఆ దిగిన పీహెచ్‌లో పక్కనున్న ప్రొపియోనిక్ విడిపోకుండా నిలబడుతుంది. రెండు మూడు ఆమ్లాలు కలిపి అమ్మడంలో కొంత వ్యాపారం ఉన్నా, ఇలాంటి లెక్క కూడా ఉంది.

మేలు చేసే లాక్టోబాసిల్లస్ లాంటివి చావకుండా, రోగాలు తెచ్చే ఈకోలై, సాల్మొనెల్లా మాత్రమే ఎందుకు దెబ్బతింటాయన్నది ఇంకో ప్రశ్న. లాక్టోబాసిల్లస్ తనే ఆమ్లం తయారుచేసుకుని అందులో బతికే జీవి. చుట్టూ పులుపు పెరిగితే తన లోపలి పీహెచ్‌ను కూడా కొంత దిగనిస్తుంది. ఈకోలై అలా కాదు, లోపల 7 దగ్గర్లో ఉంచుకోవాలని పట్టుబట్టి శక్తి పోగొట్టుకుంటుంది. అలాగని ఆమ్లం మంచి చెడ్డలు చూసి ఎంచుతుందని అనుకోకండి. మోతాదు పెంచితే అన్నిటికీ దెబ్బే.

మెడ నుంచి పేగు దాకా

బ్రాయిలర్ పిల్ల షెడ్డుకు వచ్చేటప్పుడు 40 గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. అయిదారు వారాల్లో రెండు కిలోలు దాటుతుంది. యాభై రెట్లు. దీన్ని చూసే చాలామంది హార్మోన్ ఇంజెక్షన్లు ఇస్తున్నారని అనుకుంటారు. అది నిజం కాదు. ఎదుగుదల హార్మోన్ ఒక ప్రోటీన్, మేతలో కలిపితే అరిగిపోతుంది. వేల కోళ్లకు రోజూ సూది వేసే కూలి ఖర్చు ఎవరూ భరించలేరు. ఈ వేగం తరాల తరబడి ఏరి పెంచిన జాతిది. ఆ వేగాన్ని మోయాల్సింది పేగు. అందుకే పేగు మీద ఇంత వ్యాపారం.

కోడి మింగిన మేత ముందు క్రాప్‌లోకి వెళ్తుంది. మెడ కింద బుంగలా కనిపించే సంచి అది. పీహెచ్ అక్కడ 5కు అటూఇటూ. అక్కడ నుంచి ఆమ్లం ఊరే చిన్న జీర్ణాశయం, దాని వెంటనే కందనకాయ. ఇక్కడ పీహెచ్ 2 నుంచి 4 దాకా. తర్వాత చిన్నపేగులో ఒక్కసారిగా 6కు పెరిగి, చివరికొచ్చేసరికి 7 చేరుతుంది. చివర్లో రెండు గుడ్డిపేగులు, అంటే సీకా.

ఇప్పుడు పై లెక్కను ఈ దారి మీద పెట్టి చూడండి. దాణాలో కలిపిన మామూలు ఫార్మిక్, ప్రొపియోనిక్ క్రాప్‌లోనూ కందనకాయలోనూ గట్టిగా పనిచేయగలవు. ఆ తర్వాత ఒకవైపు అవి ఒంట్లోకి ఇంకిపోయి శక్తిగా ఖర్చవుతాయి, ఇంకోవైపు పీహెచ్ పెరిగి దూరే బలం పోతుంది. చిన్నపేగులో పుండ్లు పెట్టే క్లాస్ట్రిడియం, సీకాలో కాపురముండే సాల్మొనెల్లా దగ్గరికి అవి చేరేది చాలా తక్కువ. క్రాప్ వాకిలి లాంటిది. నోటి ద్వారా వచ్చే సాల్మొనెల్లాను అక్కడే ఆపగలిగితే చాలా మేలే. లోపల ఇప్పటికే నాటుకుపోయినదాన్ని వాకిట్లో కూర్చున్న కాపలాదారు ఏం చేస్తాడు?

ఆమ్లాన్ని లోపలికి చేర్చడానికే కొవ్వు పూత పద్ధతి వచ్చింది. గట్టి కొవ్వులో పొదిగిన గుళికలు కందనకాయ దాటి, చిన్నపేగులో కొవ్వును అరిగించే ఎంజైము తగిలాక మెల్లగా కరుగుతాయి. ఇంకో పద్ధతిలో ఆమ్లాన్ని గ్లిసరాల్‌కు కట్టేస్తారు. ట్రైబ్యుటిరిన్ అనేది అలాంటిదే. ధర ఎక్కువ. చేరాల్సిన చోటికి చేరాలంటే ఆ ధర తప్పదు.

ఇక్కడ బ్యుటిరిక్ ఆమ్లం గురించి కాస్త ఆగి చెప్పాలి. మిగతావాటితో కలిపి దీన్ని ఒకే గాటన కట్టడం పొరపాటు. దీని ముఖ్యమైన పని చంపడం కాదు. పేగు లోపలి గోడ కణాలకు ఇది ఆహారం. సీకాలో ఉండే మంచి బ్యాక్టీరియా పీచును పులియబెట్టి దీన్ని సొంతంగా తయారుచేస్తుంది. పేగు గోడ మీద నూలుపోగుల్లా లేచి ఉండే చూషకాల మీదే మేత అరిగి ఒంటికి పట్టడం ఆధారపడి ఉంటుంది. కాక్సీ (పేగును దెబ్బతీసే పరాన్నజీవి రోగం) వచ్చి అవి దెబ్బతిన్న తర్వాత కోలుకోవడానికి బ్యుటిరేట్ తోడ్పడుతుందని చాలా ప్రయోగాల్లో చూశారు. మరో వింత కూడా ఉంది. సాల్మొనెల్లా పేగు గోడలోకి చొచ్చుకుపోవడానికి వాడే జన్యువులను బ్యుటిరిక్, ప్రొపియోనిక్ ఆమ్లాలు అణచివేస్తాయి. ఎసిటిక్ మాత్రం తక్కువ మోతాదులో వాటిని రెచ్చగొట్టగలదు. రెండూ పులుపే, రెండూ ఒకే కుటుంబం, ఫలితం మాత్రం ఎదురు. ‘ఆమ్లం ఏదైతేనేం’ అనే సేల్స్‌మన్‌కు ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

పూత లేని సోడియం బ్యుటిరేట్ సంచి విప్పితే గోడౌన్ అంతా ముక్కు మూసుకోవాల్సిందే. కంపు రాకపోతే పూత బాగున్నట్టు కావచ్చు, సరుకే తక్కువున్నట్టూ కావచ్చు. ముక్కుతో తేల్చే విషయం కాదది.

ఆమ్లాన్ని మధ్యలోనే మింగేసేవి

దాణాలోనే ఆమ్లానికి శత్రువులు ఉంటారు. రాతిపిండి, అంటే కాల్షియం కార్బొనేట్, అందరికంటే పెద్దది. సోయా చెక్క కూడా తక్కువేం తినదు. మొక్కజొన్న మాత్రం పెద్దగా అడ్డుపడదు. ఆమ్లం వేసినా పీహెచ్ దిగకుండా అడ్డుకునే ఈ గుణాన్ని బఫరింగ్ అంటారు. బ్రాయిలర్ దాణాలో రాతిపిండి ఒక శాతం అటూఇటూ ఉంటే, గుడ్ల కోళ్ల దాణాలో దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. అందుకే ఒకే మోతాదు రెండు చోట్లా ఒకేలా పనిచేయదు. మొదటి రోజుల దాణా ప్రీస్టార్టర్‌లో సోయా ఎక్కువ, చివరి రోజుల దాణా ఫినిషర్‌లో తక్కువ కాబట్టి ఒకే బ్యాచ్‌లో కూడా తేడా ఉంటుంది.

నీళ్ల సంగతి ఇంతకంటే గట్టిది, ఎందుకంటే రైతు చేతిలో ఉండేది చాలాసార్లు నీళ్లే. తెలంగాణలోనూ రాయలసీమలోనూ చాలా ఫారాలకు బోరు నీళ్లే దిక్కు. ఆ నీళ్లలో బైకార్బొనేట్ ఎక్కువ. దీన్ని కఠినత్వంతో కలిపేసి మాట్లాడతారు గానీ, ఆమ్లం లెక్కకు కావాల్సింది, నీళ్లు ఎంత ఆమ్లాన్ని మింగగలవో చెప్పే ఆల్కలినిటీ అనే అంకె. లీటరుకు 300 మిల్లీగ్రాముల ఆల్కలినిటీ ఉన్న నీళ్లు వెయ్యి లీటర్ల ట్యాంకులో ఉన్నాయనుకోండి. అందులోని బైకార్బొనేట్‌ను చల్లార్చడానికే దాదాపు 275 గ్రాముల శుద్ధ ఫార్మిక్ ఆమ్లం కావాలి. బ్యాక్టీరియా మీద పనిచేసే వంతు ఆ తర్వాతే వస్తుంది. పక్క ఊళ్లో కాలువ నీళ్లలో ఆల్కలినిటీ 50 ఉంటే అందులో ఆరో వంతు చాలు. ఇద్దరి డబ్బా మీదా ‘లీటరుకు ఇంత’ అని ఒకే మోతాదు రాసి ఉంటుంది. ఒకరికి ఏమీ జరగదు, ఇంకొకరికి మోతాదు మించి కోళ్లు నీళ్లు తాగడం తగ్గిస్తాయి. కోడి నీళ్లు తగ్గిస్తే మేతా తగ్గిస్తుంది.

మన వేసవిలో ఇంకో తమాషా జరుగుతుంది. ఎండదెబ్బకు కోళ్లు నోరు తెరిచి రొప్పుతుంటే ఒంట్లోని బైకార్బొనేట్ తగ్గుతుందని నీళ్లలో వంటసోడా కలుపుతారు. అది సరైన పనే. అదే ట్యాంకులో, అదే రోజు అసిడిఫయర్ కూడా పోస్తే? బుసబుసమని నురగ వస్తుంది, రెండింటి డబ్బూ గాల్లో కలిసిపోతుంది.

పైపులైను విషయం కూడా మరిచిపోకూడదు. ఏళ్ల తరబడి ఉప్పు గారా, జిగురు పట్టిన లైనులోకి కోళ్లు ఉండగానే ఒక్కసారిగా ఆమ్లం వదిలితే ఆ గారంతా ఊడి, కోళ్లు నీళ్లు తాగే నిపుల్స్‌కు అడ్డం పడుతుంది. బ్యాచ్‌కూ బ్యాచ్‌కూ మధ్య ఖాళీలో లైను కడగడం మంచిది. తక్కువ మోతాదులో వేసి వదిలేసినా చిక్కే, కొన్ని రకాల బూజు, ఈస్టు ఆ కాస్త ఆమ్లాన్నే తిని లైనులో జిగురు కడతాయి.

క్లోరిన్ వాడేవాళ్లకు ఒక మంచి మాట, ఒక హెచ్చరిక. నీటి పీహెచ్ 8.5 ఉంటే క్లోరిన్‌లో సూక్ష్మజీవిని చంపే రూపం నూటికి పది కూడా ఉండదు. 6.5కు దించితే తొంభై దాకా ఉంటుంది. కాబట్టి కాస్త పులుపు క్లోరిన్‌కు బలమే. కానీ చిక్కటి ఆమ్లాన్నీ బ్లీచింగ్ పౌడరునూ ఒకే బకెట్లో ఎప్పుడూ కలపకూడదు. విషవాయువు లేస్తుంది. షెడ్డులో పనిచేసే కుర్రాడికి ఈ ముక్క ఎవరూ చెప్పరు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. లసోటా, గంబోరో లాంటి లైవ్ టీకాలు (బతికున్న వైరస్‌తో చేసినవి) నీళ్లలో ఇచ్చేటప్పుడు ఆమ్లమూ వద్దు, క్లోరినూ వద్దు. ముందు రోజు నుంచే ఆపాలి, లేదంటే కోడి కంటే ముందు టీకా చస్తుంది.

బూజు పట్టిన మొక్కజొన్నకు ముసుగు

ఆమ్లాల వాడకంలో అందరూ ఒప్పుకునే, వాదన లేని మేలు ఒకటుంది. దాణాలో బూజు ఆపడం. వానాకాలం మొక్కజొన్న తేమతో వస్తుంది. 14 శాతం దాటితే నిల్వలో బూజు ఖాయం. ప్రొపియోనిక్ ఆమ్లం, దాని ఉప్పులు బూజును బాగా ఆపుతాయి. అయితే బూజు అప్పటికే అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేసి ఉంటే ఈ ఆమ్లం దాన్ని తీసేయలేదు. బూజు పోయిందిలే అని ఆ మొక్కజొన్నను వాడితే కార్జం మీద దెబ్బ పడుతుంది, గంబోరో టీకా వేసినా పట్టదు. ఆ విషాన్ని పట్టి ఉంచే బైండర్లు వేరే ఉన్నాయి. రెండింటినీ ఒకటే అనుకుని ఒకటి మానేసేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

మరి బరువు పెరుగుతుందా?

పెరిగిన ప్రయోగాలు ఉన్నాయి, ఏ తేడా రాని ప్రయోగాలు ఉన్నాయి. ఈ గందరగోళానికి ఒక క్రమం ఉంది. శుభ్రమైన షెడ్డు, కొత్త ఊక, తక్కువ కోళ్లు, మంచి నీళ్లు ఉన్న ప్రయోగశాలలో ఆమ్లం చేయడానికి పెద్దగా పని ఉండదు. పాత లిట్టర్ (కోళ్ల కింద పరిచే ఊక) మీద, ఇరుకులో, చవకరకం ముడిసరుకుతో పెంచిన కోళ్లలో తేడా ఎక్కువ కనిపిస్తుంది. యాంటీబయాటిక్ విషయంలోనూ ఇదే జరిగింది. డెన్మార్క్ కోళ్ల రైతులు 1998 మొదట్లో ఎదుగుదల యాంటీబయాటిక్‌లను స్వచ్ఛందంగా మానేశారు. మరణాలు పెరగలేదు. 1995 నవంబరు నుంచి 1999 మే వరకు చూస్తే ఎఫ్‌సీఆర్, అంటే కిలో బరువుకు పట్టే దాణా, 0.016 కిలోలు మాత్రమే పెరిగింది. అయితే అక్కడ కాక్సీకి వాడే సలినోమైసిన్ కొనసాగింది, అది క్లాస్ట్రిడియంను కూడా కొంత అణచివేస్తుంది. యాంటీబయాటిక్‌ను ఆమ్లంతో పోల్చే చర్చల్లో ఈ మూడో మనిషిని ఎవరూ పిలవరు.

ఆ 0.016ను పట్టుకుని ఒక లెక్క వేద్దాం. అంకెలు నేను ఊహకు పెట్టుకున్నవి, మీ ధరలతో మార్చుకోండి. 10,000 కోళ్లు, ఒక్కోటి 2.2 కిలోలు, ఎఫ్‌సీఆర్ 1.6. మొత్తం దాణా 35.2 టన్నులు. టన్నుకు 2 కిలోల అసిడిఫయర్ చొప్పున 70 కిలోలు. కిలో 200 రూపాయలైతే 14,000 ఖర్చు. దాణా కిలో 40 అనుకుంటే, ఆ ఖర్చు తిరిగి రావాలంటే 350 కిలోల దాణా మిగలాలి. మొత్తం 22,000 కిలోల కోళ్ల మీద పంచితే సరిగ్గా 0.016. కాకతాళీయమే, కానీ చూడముచ్చటగా ఉంది.

ఇప్పుడు చిక్కు చూడండి. 350 కిలోలంటే 50 కిలోల బస్తాలు 704 ఉంటే అందులో 7 బస్తాలు. నూటికి ఒకటి. అమ్మకానికి ఎత్తే లిఫ్టింగ్ రోజు కోళ్లు నీళ్లు తాగి తూకానికి వచ్చాయా, తాగకుండా వచ్చాయా అన్నదే ఇంతకంటే పెద్ద తేడా తెస్తుంది. పిల్లలు ఏ వయసు తల్లికోళ్లవి, వారం రోజులు మబ్బు పట్టిందా, చివరి వారంలో ఎన్ని చనిపోయాయి, ఇవన్నీ ఆ ఒక్క శాతాన్ని మింగేస్తాయి. కాబట్టి ‘పోయిన బ్యాచ్‌కు వేశాను, బాగా వచ్చింది’ అన్న మాటకు ఎంత విలువ ఇవ్వాలో, ‘వేశాను, ఏమీ రాలేదు’ అన్న మాటకూ అంతే. ఒకే ఫారంలో రెండు షెడ్లు, ఒకే రోజు పిల్లలు, ఒకదానికి వేసి ఒకదానికి వేయకుండా, తర్వాతి బ్యాచ్‌కు షెడ్లు మార్చి, కనీసం నాలుగైదు బ్యాచ్‌లు చూస్తే ఏదో ఒకటి తేలుతుంది. లిట్టర్ తడి తగ్గిందా, రెట్ట గట్టిగా పడుతోందా అన్నవి బరువు కంటే ముందే కనిపిస్తాయి.

లాభం ఎవరి జేబులోకి వెళ్తుందన్నది మరో ముచ్చట. బ్రాయిలర్లలో ఎక్కువభాగం ఇప్పుడు ఇంటిగ్రేషన్ కిందే నడుస్తోంది. పిల్లలు, దాణా, మందులు కంపెనీవి, షెడ్డు, కరెంటు, చాకిరీ రైతువి. కంపెనీ రైతుకిచ్చే గ్రోయింగ్ చార్జీ ఎఫ్‌సీఆర్ మీదా మరణాల మీదా కట్టి ఉంటుంది. దాణాలో ఆమ్లం వేయాలా వద్దా అన్నది ఫీడ్ మిల్లు నిర్ణయం. రైతు తన డబ్బుతో కొనేది నీళ్లలో పోసే డబ్బానే. అప్పటికే దాణాలో ఏముందో తెలియకుండా నీళ్లలో ఇంకొంత పోయడం గుడ్డి ఖర్చు. సూపర్‌వైజర్ వచ్చినప్పుడు మొదట అడగాల్సిన ప్రశ్న, ‘సార్, మన ఫీడ్‌లో ఆసిడ్ ఉందా, ఉంటే ఏది?’

డబ్బా చేతిలోకి తీసుకున్నప్పుడు

చాలా డబ్బాల మీద ‘ఫార్మిక్, ప్రొపియోనిక్, లాక్టిక్, సిట్రిక్ ఆమ్లాల మిశ్రమం’ అని ఉంటుంది, ఏది ఎంత శాతమో ఉండదు. శాతాలు లేని డబ్బాకు ధర కట్టలేం. పొడిగా అమ్మేవాటిలో కాల్షియం ఫార్మేట్, కాల్షియం ప్రొపియోనేట్ లాంటి ఉప్పులుంటాయి. చేతులు కాలవు, ఘాటు ఉండదు, మిక్సర్ తుప్పు పట్టదు. కానీ ఉప్పు తనంతట తాను పీహెచ్‌ను దించలేదు, కందనకాయలోని ఆమ్లం తగిలాకే అందులోంచి అసలు ఆమ్లం బయటికొస్తుంది. మిగతా పొడి ఏమిటో కూడా చూడాలి, మోసుకెళ్లే పదార్థం రాతిపిండి అయితే పులుపును, దాన్ని మింగేదాన్ని ఒకే సంచిలో కొన్నట్టు. సిట్రిక్ ఆమ్లం దాణాలోని ఫైటేట్ (గింజల్లో భాస్వరం బిగుసుకుని ఉండే రూపం) నుంచి భాస్వరాన్ని విడిపించగలదని కోడిపిల్లల మీద తేలింది, నిజమే. అయితే ఆ ప్రయోగాల్లో వాడినది దాణాలో కొన్ని శాతాలు. టన్నుకు కిలో వేసి ఆ ఫలితం ఆశించకూడదు. ఆ పనికి ఫైటేజ్ ఎంజైము చవక.

ద్రవరూపంలో 85 శాతం ఫార్మిక్ చర్మం మీద పడితే బొబ్బలెక్కుతుంది. గ్లవ్స్, కళ్లద్దాలు లేకుండా కొలవొద్దు. ఎప్పుడూ నీళ్లలోకే ఆమ్లం పోయాలి, ఆమ్లంలోకి నీళ్లు కాదు. జీఐ షీటు మేత తొట్లు, ఇనుప ట్యాంకులు ఉంటే తుప్పు లెక్క కూడా ఖర్చులో రాసుకోండి.

తినేవాళ్ల భయం గురించి ఒక మాట. ఈ ఆమ్లాలు కోడి ఒంట్లో ఇంధనంలా కాలిపోతాయి, వీటిలో చాలావాటిని మన పేగులోని బ్యాక్టీరియా కూడా రోజూ తయారుచేస్తూనే ఉంటుంది. యాంటీబయాటిక్‌లా మాంసంలో అవశేషం మిగులుతుందన్న బెంగ వీటితో లేదు.

రేపు పొద్దున షెడ్డులో చేయగలిగే పని ఒకటి చెప్పి ఆపుతాను. పది లీటర్ల బకెట్లో మీ బోరు నీళ్లు పట్టండి, ట్యాంకులో నిలవున్నవి కాకుండా నేరుగా బోరువి. పీహెచ్ మీటరో, కనీసం పీహెచ్ కాగితమో దగ్గర పెట్టుకోండి. సిరంజితో ఒక్కో మిల్లీలీటరు అసిడిఫయర్ వేసి కలుపుతూ, ప్రతిసారీ అంకె రాసుకోండి. మొదట్లో ఎన్ని వేసినా పీహెచ్ కదలకుండా మొరాయిస్తుంది. ఆ తర్వాత ఒక చోట జారుడుబల్ల ఎక్కినట్టు గబగబా దిగిపోతుంది. 5 దగ్గరకు రావడానికి ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో అదే పది లీటర్లకు మీ బోరు మోతాదు. డబ్బా మీద రాసిన అంకె పక్కన దాన్ని రాసి, ట్యాంకు గోడ మీద అంటించండి. ఎండాకాలంలో బోరు అడుగంటాక ఇంకోసారి చూడండి, ఆ అంకె మారొచ్చు.